మూడో మాట

నమోదు 311

పొద్దున్నే క్యాంటీన్ మొగిలి నా గది ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చేతులు కట్టుకునే రకం కాదతను. పప్పు పల్చగా ఉందని ఎవరైనా అంటే గరిటె ఎత్తే రకం.

"అక్కా, నవ్వనంటె ఒక ముచ్చట చెప్త."

"నవ్వుత. చెప్పు."

"కొంరన్న పళ్లెం వస్తున్నది."

నవ్వు రాలేదు. కొంరన్న చనిపోయి నెల కావస్తోంది.

వారం రోజులుగా ప్రతి షిఫ్టుకూ ఇదే తంతట. అందరి పళ్లేలూ వచ్చేశాక, బల్ల చీలికలోంచి ఇంకొక పళ్లెం జారి వస్తుంది. అంచు మీద కొంరయ్య అని పేరు వెలుగుతుంది. అన్నం, పప్పు, ఆయనకిష్టమైన రెండు పచ్చిమిరపకాయలు. మొగిలి దాన్ని ఎవరి కంటా పడకుండా వెనక్కి తీసుకెళ్తున్నాడు. పారబొయ్యడానికి చెయ్యి రాదు, తినడానికి నోరు రాదు.

"చావు కబురు యంత్రానికి చెప్పిండ్రా?"

"చెప్పిండ్రు. పట్టీల పేరు గూడ కొట్టేసిండ్రు. నా కండ్లతోని సూసిన."

"గట్లయితె ముడిల తేడా ఉంటది. దయ్యానికి పచ్చిమిరపకాయలెందుకు మొగిలీ, పో."

అతణ్ణి పంపేశాను గానీ ఆ పచ్చిమిరపకాయలు మనసులోంచి పోలేదు.

నా తర్వాత ఈ గదిలో కూర్చునే వారి కోసం నాలుగు ముక్కలు రాస్తాను. నా పేరు స్వరూప. నాది ముడి పని. నేల మీది ఎండలకు తాళలేక మేమంతా దిగి బతుకుతున్న ఈ పాత బొగ్గు బాయిలో, అంటే గనిలో, ఏదీ దానంతటది జరగదు. ఒకటి పిలుస్తుంది, ఇంకొకటి పలుకుతుంది. పాత పుస్తకాల్లో వీటిని ఈవెంట్ అనీ హ్యాండ్లర్ అనీ రాశారు. మాకు పిలుపు, పలుకు. నీళ్ల తొట్టి నిండితే పిలుస్తుంది, మోటారు పలికి ఆగుతుంది. ఏ పిలుపుకు ఏది పలకాలో ముడి వేసేది నేను.

చిక్కేమిటంటే, ఇక్కడి సామానంతా ఒకే కాలంలో కొన్నది కాదు. పిలుపు పంపే కొత్త డబ్బా మూడు మాటలు చెప్తుంది, పాత మోటారుకు రెండే వినడం వచ్చు. ఒక్కోసారి కొత్తది రెండే చెప్తుంది, పాతది మూడు వింటే గానీ కదలదు. అప్పుడు పని ఆగకుండా, పిలుపు వచ్చిన ఆ క్షణంలోనే రెండింటి నడుమ ఒక మధ్యవర్తి పుడుతుంది. ఎక్కువైన మాటను వదిలేస్తుంది, తక్కువైన మాటను ఎక్కడి నుంచో తెచ్చి నింపుతుంది, పని కాగానే పోతుంది. దాన్ని ఎవరూ రాయరు, ఎవరూ చూడరు. యంత్రాల చిట్టాల్లో కూడా అవి విన్న మాటలే ఉంటాయి, వినని మాటలు ఉండవు. అందుకే ముడి పనివాళ్లు రోజూ చేత్తో రాయాలని మా పెద్దలు పద్ధతి పెట్టారు.

నమోదు 312

ఈరోజు నీలవేణితో కలిసి లిఫ్టులో కిందికి దిగాను. కొంరన్న కూతురు. నేను ఆయనకు తోడబుట్టినదాన్ని కాకపోయినా నన్ను అత్తా అనే పిలుస్తుంది. పెళ్లీడు పిల్ల, తండ్రి ఇనుప కర్రను చంకలో పెట్టుకుని తిరుగుతోంది.

ఆ కర్ర సంగతి చెప్పాలి. కొంరన్నది కప్పు తట్టే పని. షిఫ్టు మొదలయ్యే ముందు సొరంగంలోకి ఒక్కడే వెళ్లి, కర్రతో పైకప్పును తడుతూ నడుస్తాడు. ఖంగుమంటే రాయి గట్టిది, బొదబొదమంటే ఊడే రాయి. ఆయన సరేనన్నాకే మిగతావాళ్లు అడుగు పెడతారు. తొమ్మిదో నంబరు సొరంగం ఆయనది. కూతురికి చిన్నప్పటి నుంచీ ఆ చెవి నేర్పాడు. మా దగ్గర పనిలో పోయినవాడి పని బిడ్డకొస్తుంది, గదీ బిడ్డకే ఉంటుంది. కానీ తన తప్పు వల్ల పోయాడని తేలితే రెండూ పోతాయి.

తేల్చేశారు. గ్యాసు పడి, సైరన్ మోగి, తొమ్మిదో నంబరు తలుపు మూసుకున్నాక కొంరయ్య లోపల మరిచిపోయిన కర్ర కోసం పక్కనున్న చిన్న దారిలోంచి దూరాడనీ, అది బయటి నుంచే తెరుచుకునేది కనుక తిరిగి రాలేకపోయాడనీ విచారణలో రాశారు. నెలాఖరుకు నీలవేణీ, నాయనమ్మ బుచ్చవ్వా కింది వరసలోని చల్లటి గది ఖాళీ చేసి పై వరసకు ఎక్కాలి. పై వరస అంటే నేలకు జానెడు కింద. ఎండ రాతిలోంచి దిగుతుంది. పోయిన వేసవిలో అక్కడికి పంపిన ముసలివాళ్లలో సగం మంది ఈ వేసవికి లేరు.

"నాయిన కర్ర మరిచిపోతడా అత్తా?" అని ఆ పిల్ల విచారణలో అడిగింది. కప్పు తట్టేవాడు నిద్రలో కూడా కర్ర వదలడు. అది అందరికీ తెలుసు, నాకూ తెలుసు, నేనూ నోరు విప్పలేదు.

లిఫ్టు తొమ్మిదో నంబరు దగ్గర ఆగింది. మీట ఎవరూ నొక్కలేదు. ఆ సొరంగం మూసి నెల కావస్తోంది, అక్కడ దిగేవాళ్లు లేరు, ఎక్కేవాళ్లు లేరు. తలుపు తెరుచుకుంది. బయట చీకటి. ఒక మనిషి ఎక్కేంతసేపు ఆగి మళ్లీ మూసుకుంది.

నేను వెనక్కి అడుగు వేశాను. నీలవేణి మాత్రం ఇంకొకరికి చోటు ఇస్తున్నట్టు పక్కకు జరిగింది.

"రోజూ గిట్లనే ఆగుతదే?"

"ఊఁ. వారం సంది."

"భయం కాదా?"

"మా నాయినకు భయపడాల్నా అత్తా?"

నమోదు 314

నిన్నంతా పంపుల పని, రాయడానికేమీ లేదు. ఈరోజు కొంరన్నకు నెల మాసికం.

పైన ఉన్న కాలంలో పిట్టకు పెట్టేవారట. అన్నం పెట్టి దూరంగా నిలబడితే కాకి వచ్చి ముట్టేది. కిందికి కాకులెక్కడివి? అందుకని మావాళ్లు పెద్ద పంకా నోటి ముందు పెడతారు. వేడి వేడి అన్నం మీది ఆవిరి తిన్నగా పంకాలోకి పోతే పోయినవారు తిన్నట్టు. పక్కకు మళ్లితే మనసులో ఏదో ఉండిపోయినట్టు. ఇదంతా గాలివాటమని నేను చాలాసార్లు వేళాకోళం చేశాను. ఇక చెయ్యను.

బుచ్చవ్వ విస్తరి పెట్టింది. ఆవిరి తిన్నగా లేచి, పంకా నోటి దాకా వెళ్లి, అక్కడ మెడ విరిచినట్టు ఎడమకు తిరిగింది. ఎడమ పక్కన తొమ్మిదో నంబరుకు వెళ్లే గాలి గొట్టం ఉంది. వేరే కూర పెట్టి చూశారు. కల్లు పోసి చూశారు. ఆవిరి అటే పోయింది.

"నా కొడుకు ఇంక లోపల్నే ఉన్నడు," అని బుచ్చవ్వ నేల మీద కూలబడింది. "తలుపు తియ్యుండ్రి బిడ్డా, వాడు లోపల్నే ఉన్నడు."

ఆమెను లేపడానికి ముగ్గురం పట్టుకోవాల్సి వచ్చింది. మనిషి బరువు లేదు, ఆ ఏడుపు బరువు.

తర్వాత నేనొక్కదాన్నే పంకా గదికి వెళ్లాను. ఆవిరికి మనసు ఉండకపోవచ్చు గానీ గాలికి ముడి ఉంటుంది. ఏ సొరంగంలో ఎంతమంది ఉంటే అన్ని పాళ్ల గాలి పంపడం పంకా పని. పలక మీద వరసగా చూశాను. నాలుగో నంబరు, పదహారు మంది. ఆరో నంబరు, పదకొండు. తొమ్మిదో నంబరు, ఒకరు.

మళ్లీ చూశాను. ఒకరు.

మూసిన తలుపు వెనక, ఎవరూ లేని చీకట్లోకి, పంకా ఒక మనిషికి సరిపడా గాలి పంపుతోంది.

నమోదు 315

నిద్ర లేదు, తిండి లేదు, తిట్లు మాత్రం ఉన్నాయి. నన్ను నేనే తిట్టుకుంటూ పళ్లెం ముడీ, లిఫ్టు ముడీ, పంకా ముడీ మూడూ పక్కపక్కన పరిచాను. మూడింటిలోనూ ఒకటే జబ్బు. పలికేవి పాతవి, వాటికి మూడు మాటలు కావాలి. మూడోది మనిషి పేరు. పేరును బట్టి ఆ మనిషి సొరంగం ఏదో, తిండి ఏదో వాటికి తెలుస్తుంది. పిలిచేవి కొత్తవి, రెండే చెప్తాయి. క్యాంటీన్ బల్లకూ లిఫ్టుకూ కొత్త డబ్బాలు బిగించింది సరిగ్గా పోయిన వారమే. పంకాకు బిగించి ఏడాదైంది. ఖాళీగా వదిలితే పాత యంత్రం ఆగిపోతుంది కాబట్టి మధ్యవర్తి మూడో మాటను నింపుతుంది. ఎక్కడి నుంచి?

నా బల్ల కింద ఒక రేకు డబ్బా ఉంది. విప్పిన చోట మిగిలిన మేకులూ మరలూ అందులో పడేస్తాను, ఎక్కడైనా తక్కువైతే అందులోంచే ఏరుకుంటాను. చెయ్యి పెడితే పైనున్నదే తగులుతుంది. మధ్యవర్తులకూ అలాంటి డబ్బా ఒకటుంది. ఒకచోట ఎక్కువై వదిలేసిన మాట అందులో పడుతుంది, ఇంకోచోట తక్కువైతే అందులోంచే తీస్తాయి. బాయి మొత్తానికీ ఒకటే డబ్బా. అందులో పైన ఉన్న పేరు, కొంరయ్య.

మరి ఆ పేరును అందులో పడేసింది ఎవరు?

పేరు చెప్పే పిలుపు ఒక్కటే ఉంది. గ్యాసును పసిగట్టే డబ్బాలది. పోయిన ఏడాది కొత్తవి పెట్టారు. అవి మూడు మాటలు చెప్తాయి: ఏ సొరంగం, ఎంత గ్యాసు, లోపల ఎవరు. మెడలో వేసుకునే బిళ్లను బట్టి మనిషిని గుర్తుపడతాయి. ఎవరూ లేకపోతే ఎవరూ లేరనే చెప్తాయి. ఆ పిలుపుకు పలకాల్సింది సొరంగం తలుపు. కొత్త తలుపైతే మూడో మాట విని, ఆ మనిషి బయటికొచ్చేదాకా ఆగుతుంది. మావి బొగ్గు తీసిన నాటి తలుపులు. ఏ సొరంగం, ఎంత గ్యాసు, అంతే వింటాయి.

మధ్యవర్తి మూడో మాటను వదిలేసింది. తలుపు మూసుకుంది.

తలుపు పడ్డాక కొంరన్న లోపలికి దూరి ఉంటే, పిలుపు వచ్చిన క్షణంలో లోపల ఎవరూ లేనట్టే. మధ్యవర్తుల డబ్బాలో పడాల్సింది ఎవరూ లేరన్న మాట. పడింది ఆయన పేరు. ఆ తర్వాత ఏ సొరంగంలోనూ గ్యాసు పడలేదు కనుక దాని మీద ఇంకో మాట పడలేదు, అది అలాగే ఉండిపోయింది. ఆయన కర్ర మరిచిపోలేదు. కర్ర చేతిలో పట్టుకుని కప్పు తడుతుండగా తలుపు ఆయన మీద మూసుకుంది. ఆయన లోపల ఉన్నాడని గ్యాసు డబ్బా చెప్పింది. తలుపుకు వినపడలేదు.

ఇంకో సంగతి రాయకుండా ఉండలేను. పంకాకు ఆ పేరు అదే క్షణంలో అందింది. అంటే తలుపు పడిన క్షణం నుంచే అది ఆయనకు గాలి పంపింది. ఆ గాలి ముందు చేరిందో, గ్యాసు ముందు చేరిందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. మేం తలుపు తీసింది మర్నాటి షిఫ్టుకు. తలుపుకు ఆనుకుని ఉన్నాడు.

నమోదు 316

వేణుమాధవ్ సారు దగ్గరికి వెళ్లాను. బాయి మొత్తానికి పెద్ద ఆయన. ఒకప్పుడు ఇదే గదిలో ముడి పని చేసినవాడే, నాకు పని నేర్పిందీ ఆయనే. సగం చెప్పేసరికే ఆయన ముఖం చూసి అర్థమైంది, మిగతా సగం ఆయనకు తెలుసు.

"తెలుసా సార్ మీకు?"

"అనుమానం ఉండె. అడగబుద్ధి కాలేదు."

"అడగబుద్ధి కాలేదా! ఆ ముసలామెను పొయ్యి మీదికి ఎక్కిస్తున్నరు సార్ మీరు."

"అరవకు స్వరూపా. తలుపులన్నీ గిట్లనే ఉన్నయి. తప్పు తలుపుదని రాస్తే అన్నిటినీ విప్పి మూడో మాట నేర్పాలె. విప్పినన్ని రోజులు తలుపు తెరిచే ఉండాలె. గ్యాసు పడితే ఆపేది లేదు. అందుకని జనాన్నంతా పైకి తోలాలె. ఈ ఎండలల్ల. పసిపిల్లలు, బాలింతలు. ఎంతమంది దిగుతరు మళ్ల? ఒక్కని పేరు కోసం..."

అక్కడ ఆగిపోయాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది.

"అంతమందిని తోలనక్కర లేదు," అన్నాను. "ఒక పిలుపుకు ఇద్దరు పలకొచ్చని మీరే నేర్పిండ్రు. తలుపు ముడి అట్లనే ఉండనియ్యుండ్రి. పక్కన సైరన్ కొమ్ముకు ఇంకో ముడి వేస్త. అది మూడు మాటలూ వింటది. తలుపు పడంగనే లోపలున్న మనిషి పేరు బాయంత వినపడేటట్టు చెప్తది. చిన్న దారి బయటి నుంచి తెరుచుకునేదే కదా, పోయి తీసుకొస్తరు. పని నడుస్తుండంగనే వెయ్యొచ్చు."

కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "వెయ్యి. కానీ విచారణ మార్చనీకి అది చాలదు. డబ్బాల పేరుంటే సాక్ష్యమైతదా? ఎప్పుడో ఏదో పిలుపుల పడి ఉండొచ్చు అంటరు. తలుపు పడేటప్పుడు మనిషి లోపలుంటేనే పేరు పడుతదని నా కండ్ల ముందట చూపియ్యి. చూపిస్తే నేనే దిద్దుత, నా చేత్తోనే."

న్యాయంగానే అడిగాడు. బయటికొచ్చాకే నాకు మిగతాది తట్టింది. పరీక్ష చేస్తే డబ్బాలో కొత్త పేరు పడుతుంది. కొంరన్న పేరు దాని కింద పడిపోతుంది. పళ్లెం రాదు, లిఫ్టు ఆగదు.

నమోదు 318

తొమ్మిదో నంబరు పిలుపుకు కొమ్ము ముడి వేశాను. వేసేటప్పుడు నేను మరిచిపోయిన సంగతి ఒకటుంది. కొత్తగా ముడి పడగానే సరిగా పడిందా లేదా అని బాయి తనంతట తాను ఒక ఉత్తుత్తి పిలుపు పంపుతుంది. ఆ పిలుపులో రెండే మాటలుంటాయి. కొమ్ముకు మూడు కావాలి.

అన్ని వరసల్లో, అన్ని సొరంగాల్లో, వంట దగ్గరా, పిల్లల బడిలో, ఒక్కసారిగా కొమ్ములు పలికాయి.

"తొమ్మిదో నంబరు. లోపల కొంరయ్య. తొమ్మిదో నంబరు. లోపల కొంరయ్య."

పారలు ఆగాయి. ఏడుస్తున్న పిల్లలు కూడా ఆగారు. విప్పుదామంటే వేళ్లు ముడిని పట్టుకోవు. ఆ నిశ్శబ్దంలో కింది వరస నుంచి చెప్పుల్లేని అడుగుల చప్పుడు వినిపించింది. బుచ్చవ్వ. గోడ పట్టుకుని, పరుగులాంటి నడకతో తొమ్మిదో నంబరు వైపు పోతోంది.

"అస్తున్న బిడ్డా, అస్తున్న. ఆగు. అస్తున్న."

తలుపు దగ్గర పట్టుకున్నాం. రెండు చేతులతో ఆ ఇనుమును కొడుతోంది. అరచేతులు చిట్లాయి. నేను ఆమె కాళ్ల మీద పడ్డాను. తప్పు నాది, ఆ పేరు పిలిపించింది నేనే అవ్వా అన్నాను. ఆమె నా తల నిమిరింది.

"పిలిస్తే మంచిగనే ఉన్నది బిడ్డా. నెల సంది ఎవ్వలు పిలుస్తలేరు వాని పేరు."

ఆమె ఒళ్లోనే తల పెట్టి ఏడ్చాను. ఈ పుస్తకంలో ఇలాంటివి రాయకూడదు. రాశాను, ఉండనీ.

ఆ సాయంత్రం నీలవేణికి అంతా విడమరిచి చెప్పాను. మూడో మాట సంగతి, డబ్బా సంగతి, పరీక్ష సంగతి. పరీక్ష చేస్తే నాయిన పేరు పోతుందని కూడా చెప్పాను. పంకా ఎప్పటి నుంచి గాలి పంపిందో మాత్రం చెప్పలేదు.

"మొగిలి మామ రోజూ ఆ పళ్లెం నాయనమ్మకు తెచ్చిస్తున్నడు అత్తా," అంది. "నీకు చెప్పొద్దన్నడు. నువ్వు ముడి విప్పుతవని. నాయనమ్మ ఆ పళ్లెంల తిన్నంకనే నిద్రపోతది."

"పరీక్ష వద్దంటె వద్దు. ఇంకేదన్న సూద్దం."

కర్రను అరచేతుల మధ్య దొర్లించింది.

"పళ్లెం వస్తది, మేం పై వరసకు పోతం. గా పళ్లెం ఎవలు తింటరు? లోపలికి నేనే పోత అత్తా. నాయిన పేరు మీద పడితె నా పేరే పడాలె."

నేను వెళ్తానని ఎంత చెప్పినా వినలేదు. తండ్రి మొండితనమే.

నమోదు 320

ముందు పంకా ముడి సరిచేశాను. బతికున్న పిల్లను లోపలికి పంపుతూ ఆమె గాలిని మధ్యవర్తి చేతిలో పెట్టలేను. పాత ముడి విప్పాను. పలక మీద తొమ్మిదో నంబరు ఎదుట ఒకటి కాస్తా సున్నా అయింది. ఆయనకు గాలి ఆపింది నా చేతులే. తర్వాత సరైన మూడు మాటలతో కొత్త ముడి వేశాను.

తొమ్మిదో నంబరు తెరిచి గాలి ఆడనిచ్చాం. నీలవేణి మెడలో బిళ్ల, చేతిలో కర్ర. లోపలికి అడుగు పెడుతూనే అలవాటుగా కప్పు తట్టింది. ఖంగుమంది. పలక మీద సున్నా ఒకటి అయిందని పంకా గదిలోంచి ఎవరో అరిచి చెప్పారు.

"తలుపు పడంగనే కర్రతోని కొట్టు. ఎంత గట్టిగ కొట్టగలిగితె అంత," అన్నాడు వేణుమాధవ్ సారు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

చిన్న సీసాలోంచి తలుపు పక్కనున్న గ్యాసు డబ్బా మూతి మీదికి కాస్త గ్యాసు వదిలాను. సైరన్. తలుపు పడింది. అది పడిన తీరు నేను ఇంతవరకూ దగ్గర నుంచి చూడలేదు. ఒక మనిషి రెండు అడుగులు వేసేంత వ్యవధి కూడా ఇవ్వదు.

సారు వెళ్లి తలుపుకు చెవి ఆనించాడు. కళ్లు మూసుకుని విన్నాడు. నేనూ ఆనించాను. ఏమీ లేదు. చల్లటి ఇనుము, అంతే. లోపల ఆ పిల్ల రెండు చేతులతో కొడుతోందని మాకు తెలుసు. అయినా ఏమీ వినపడలేదు.

"కొడితె వినపడతది కదా అనుకున్న," అన్నాడు సారు. "లోపలుండి ఉంటె కొట్టేటోడు, కొడితె ఎవలకన్న వినపడేది. వినపడలేదంటె తర్వాతనే దూరి ఉంటడు, కొట్టే బలం లేక తలుపు కాడ పడిపోయి ఉంటడు అని రాసిన. నేనే రాసిన."

అప్పుడు కొమ్ములు పలికాయి. బాయంతా పలికాయి.

"తొమ్మిదో నంబరు. లోపల నీలవేణి. తొమ్మిదో నంబరు. లోపల నీలవేణి."

చెప్పడం మరిచాను, ఈ పరీక్ష సంగతి నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు. కొమ్ము రెండోసారి పలికేలోపే మూడు వైపుల నుంచీ మనుషులు పరుగెత్తుకొచ్చారు. నాలుగో నంబరు వాళ్లు గడ్డపారలతో, మొగిలి గరిటెతో. చిన్న దారి తెరవబోతున్న సారును పక్కకు నెట్టేసి వాళ్లే తెరిచారు. నీలవేణి దుమ్ము కొట్టుకుని, కర్ర పట్టుకుని బయటికి పాకింది.

"ఎన్నిసార్లో కొట్టిన అత్తా," అంది. "వినపడ్డదా?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను.

"వినపడలేదు బిడ్డా."

ఆ పిల్ల తలుపు వైపు చూసింది. నేను చెప్పకుండా దాచిందంతా, తండ్రి లోపల బతికుండి ఇలాగే కొట్టి ఉంటాడన్నది, అప్పుడు దానికి తెలిసిపోయింది. అరవలేదు. కర్రను గుండెకు పట్టుకుని, తండ్రి కోసం అప్పుడు ఏడ్చింది, ఈ నెలలో మొదటిసారి. సారు ఆమె ఎదుట నేల మీద కూర్చుండిపోయాడు. క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదనుకుంటాను.

మధ్యవర్తుల డబ్బా తెరిచి చూశాను. పైన ఉన్న పేరు నీలవేణి.

నమోదు 323

విచారణ కాగితం దిద్దారు. కొంరయ్య తప్పు లేదు, తలుపుకు మూడో మాట వినపడలేదు అని సారు తన చేత్తో రాసి సంతకం చేశాడు. నీలవేణికి తొమ్మిదో నంబరు ఇచ్చారు. గది వాళ్లకే ఉంది. అన్ని సొరంగాల తలుపుల పక్కనా కొమ్ములకు ముడులు వేస్తున్నాను, ఈసారి ఉత్తుత్తి పిలుపును ముందే ఆపి. ఇంకా పదిహేను మిగిలాయి, నడుం విరిగిపోతోంది. తలుపులకు మూడో మాట నేర్పడం వాన పడ్డాక, ఒక్కొక్క వరసా చొప్పున. సారు మాట ఇచ్చాడు, నేను వెంటపడతాను.

లిఫ్టు ముడి నిన్న సరిచేశాను. తొమ్మిదో నంబరు దగ్గర ఆగకుండా దిగింది. నీలవేణి అలవాటు ప్రకారం పక్కకు జరిగి, ఎవరూ ఎక్కకపోయేసరికి మళ్లీ సర్దుకుంది. నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

ఈరోజు క్యాంటీన్ బల్ల. పరీక్ష నాటి నుంచీ అది నీలవేణి పేరుతో ఇంకో పళ్లెం ఇస్తోంది, బుచ్చవ్వ దాన్నే తింటోంది. డబ్బాలోంచి పేరు తీసుకునే చివరి మధ్యవర్తి ఈ బల్లదే. విప్పి, మూడు మాటలకు మూడు మాటలు కుదిర్చి వేశాను. డబ్బాను ఖాళీ చేశాను. ఇక దాంట్లోంచి తీసుకునే అవసరం దేనికీ లేదు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్లాను. అందరి పళ్లేలూ వచ్చాయి. బుచ్చవ్వ మూలన, మనవరాలి పక్కన కూర్చుని చీలిక వైపే చూస్తోంది. చీలిక మూసుకుంది. ఆమె తన పళ్లెంలోకి చూసుకుంది. అన్నం ముట్టలేదు.

అప్పుడు బల్ల మీద ఇంకో పళ్లెం కనిపించింది. అన్నం, పప్పు, రెండు పచ్చిమిరపకాయలు. చేసిన పనంతా మట్టిలో కలిసిందనుకుని తింటున్న చెయ్యి కడక్కుండానే బల్ల కిందికి దూరి ముడులన్నీ వెతికాను. ఆ పళ్లేన్ని పిలిచే ముడి ఒక్కటీ లేదు. అంచు మీద పేరు లేదు, వెలుగు లేదు. మామూలు సత్తు పళ్లెం.

తలెత్తితే మొగిలి. నా వైపు చూడకుండా చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఏంది అక్కా, కింద ఏం దేవులాడుతున్నవ్?"

"ఎవలు పిలిచిండ్రు దీన్ని?"

"ఎవ్వలు పిలువలే," అన్నాడు. పళ్లెం తీసుకెళ్లి బుచ్చవ్వ ముందు పెట్టాడు. ఆమె పచ్చిమిరపకాయ కొరికి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ తినడం మొదలుపెట్టింది.